ట్రిగ్గర్ నొక్కడం సరే, వదలడం సంగతేంటి?

ముందుగా మీ సమస్య నాకు అర్థమైన తీరు చెబుతాను, తప్పైతే సరిదిద్దండి. ఏడాదిపాటు పెయింట్‌బాల్ గ్రౌండ్‌వాళ్లు అద్దెకిచ్చే మెకానికల్ మార్కర్‌తో, అంటే రంగు బంతులు పేల్చే తుపాకీతో, ఆడారు. ఈమధ్యే ఒకరు వాడిన ఎలక్ట్రానిక్ మార్కర్ కొన్నారు. వీడియోలు చూసి ట్రిగ్గర్ మీదున్న స్క్రూలన్నీ తిప్పి, ఊదితే కదిలేంత తేలిగ్గా చేసుకున్నారు. ఇప్పుడేమో ఒక్కసారి నొక్కితే రెండు మూడు బంతులు వెళ్తున్నాయి. ఒక్కోసారి ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేదు. మొన్నటి ఆటలో రెఫరీ మిమ్మల్ని బయట నిలబెట్టాడు. లోపలి సర్క్యూట్ బోర్డు పాడైందా, కొత్తది వేయించాలా అని అడుగుతున్నారు.

బోర్డు జోలికి వెళ్లకండి, డబ్బు దండగ. ఒకదానికొకటి పొంతన లేనట్టు కనిపించే ఈ రెండు జబ్బులకూ మూలం ఒకటే అయ్యుంటుంది. ట్రిగ్గర్ ఎంత దూరం నొక్కాలన్నదే చూశారు గానీ, వదిలాక అది తిరిగి రావడానికి ఎంత చోటు కావాలో చూడలేదు. పదిహేనేళ్లుగా తోటి ఆటగాళ్ల మార్కర్లు విప్పి బిగిస్తున్నాను. "ట్రిగ్గర్ పోయిందన్నా" అంటూ నా చేతికొచ్చిన వాటిలో చాలావరకు ఈ బాపతే. పాడైనవి తక్కువ, అతిగా తిప్పినవి ఎక్కువ.

ఈ సంగతి బోధపడాలంటే మీరు ఏడాది వాడిన ఆ మెకానికల్ మార్కర్‌తోనే మొదలుపెట్టాలి. దాని లోపల బరువైన హ్యామర్ ఒకటి, దాని వెనక గట్టి స్ప్రింగు ఉంటాయి. ఆ హ్యామర్‌ని ముందుకి దూకనివ్వకుండా చిన్న ఉక్కు కొక్కెం పట్టుకుని ఉంటుంది, దాన్నే సియర్ అంటారు. తలుపు గడియ లాంటిదే. మీరు ట్రిగ్గర్ నొక్కితే చేసేదల్లా ఆ గడియ తీయడమే. హ్యామర్ ముందుకి దూకి వాల్వ్ పిన్‌ని కొడుతుంది, వాల్వ్ తెరుచుకుంటుంది, గ్యాస్‌లో కొంత బంతిని తోస్తుంది, మిగతాది హ్యామర్‌నే మళ్లీ వెనక్కి నెడుతుంది. అలా వెనక్కొచ్చిన హ్యామర్‌ని గడియ మళ్లీ పట్టుకోవాలి.

ఇక్కడే అసలు తెలివి ఉంది. హ్యామర్ వెళ్లి తిరిగి రావడం రెప్పపాటులో అయిపోతుంది. అప్పటికి మీ వేలు ఇంకా ట్రిగ్గర్ మీదే ఉంటుంది. ట్రిగ్గర్ నొక్కి ఉన్నంతసేపూ గడియ తెరిచే ఉంటే హ్యామర్‌ని పట్టేదెవరు? అందుకే సియర్ తిరిగే పిన్ను రంధ్రాన్ని గుండ్రంగా కాక కాస్త పొడుగ్గా చేస్తారు. హ్యామర్‌ని వదలగానే చిన్న స్ప్రింగు సియర్‌ని ట్రిగ్గర్ కొన మీదనుంచి పక్కకి జార్చేస్తుంది. మీ వేలు కదలకపోయినా సియర్ తన చోటికి వెళ్లి హ్యామర్‌ని అందుకుంటుంది. మీరు వేలు వదిలినప్పుడు ట్రిగ్గర్ కొన మళ్లీ సియర్ కిందికి చేరుతుంది. అప్పుడే రెండో షాట్‌కి సిద్ధం. అద్దె మార్కర్‌లో "టక్" మంటూ వెనక్కొచ్చే ఆ చిన్న చప్పుడు ఇదే. మీకు తెలియకుండానే ఏడాదంతా మీ వేలు ఆ టక్ కోసం ఆగేది.

ఆ తరహా మార్కర్ కూడా ఒక్కోసారి పిచ్చెక్కినట్టు దానంతటదే వరసగా పేలుతుంది. అప్పుడు ట్రిగ్గర్‌ని తిట్టొద్దు. గ్యాస్ తగ్గి హ్యామర్ గడియ దాకా వెనక్కి రాలేకపోతోందన్నమాట. సగం దూరం వచ్చి, పట్టేవాళ్లు లేక మళ్లీ ముందుకి దూకుతుంది. కార్బన్ డయాక్సైడ్ సిలిండర్‌తో వరసపెట్టి కొడితే ఇది తరచూ చూస్తాం, ఎందుకంటే లోపలి ద్రవం ఆవిరయ్యే కొద్దీ సిలిండర్ చల్లబడి ఒత్తిడి పడిపోతుంది. సియర్ అంచు అరిగినా ఇదే కథ. ఆ అంచుని నున్నగా చేస్తే ట్రిగ్గర్ మెత్తబడుతుందని ఆకురాయి పట్టుకునేవాళ్లున్నారు. ఒకప్పుడు నేనూ ఆ పని చేశాను. రెండు ఆటల తర్వాత సియర్ మార్చుకోవాల్సి వచ్చింది. కీలెరిగి వాత పెట్టాలంటారు కదా, ఆ కీలు ఎక్కడుందో నాకు అప్పటికి తెలియదు.

ఆటోకాకర్ అనే పాత రకం మార్కర్ వాడినవాళ్లకి వదలడం విలువ ఇంకా బాగా తెలుసు. అందులో ట్రిగ్గర్ రెండు పనులు చేస్తుంది. మొదటి సగం నొక్కులో సియర్ వదిలి బంతి పేలుతుంది. ఇంకాస్త లాగితే ముందువైపున్న చిన్న గాలి వాల్వ్ తిరిగి, బంతిని గొట్టంలోకి నెట్టే బోల్టుని వెనక్కి లాగి, హ్యామర్‌ని మళ్లీ ఎక్కుపెడుతుంది. అప్పుడు కొత్త బంతి జారిపడుతుంది. వేలు వదిలితేనే బోల్టు మూసుకుంటుంది. కంగారులో సగం నొక్కి వదిలేస్తే బంతి సగం దిగి ఉండగానే బోల్టు వచ్చి దాన్ని నరికేస్తుంది, గొట్టమంతా రంగే. దీన్ని షార్ట్ స్ట్రోక్ అంటారు. ఆ మార్కర్‌తో ఆడినవాళ్ల వేలు చూడండి, నింపాదిగా చివరిదాకా వెళ్లి, నింపాదిగా చివరిదాకా వస్తుంది.

ఇక మీ ఎలక్ట్రానిక్ మార్కర్. ఇందులో ట్రిగ్గర్ దేన్నీ వదలదు, దేన్నీ లాగదు. అది కాలింగ్ బెల్ స్విచ్చు లాంటిది. వెనకున్న మైక్రోస్విచ్‌ని నొక్కుతుంది, లేదా ఒక కాంతి కిరణాన్ని అడ్డుకుంటుంది, లేదా చిన్న అయస్కాంతాన్ని సెన్సర్ దగ్గరికి జరుపుతుంది. బోర్డు దాన్ని గమనించి, బంతి గొట్టం వెనకున్న గదిలో ఉందో లేదో "కళ్ల"తో, అంటే బంతిని పసిగట్టే సెన్సర్లతో, చూసి, సోలినాయిడ్ అనే కరెంటు వాల్వ్‌కి కొన్ని మిల్లీసెకన్లపాటు కరెంటు పంపుతుంది. పేల్చేది గాలి, పేల్చించేది బోర్డు, మీ వేలు కేవలం కబురు పంపుతుంది. అందుకే ఇంత తేలిగ్గా పెట్టుకోగలిగారు. అసలు చిక్కు కూడా అక్కడే మొదలవుతుంది.

బోర్డుకి కావలసింది రెండు కబుర్లు: "నొక్కాడు", "వదిలాడు". రెండోది అందకపోతే తర్వాతి నొక్కుని అది లెక్కలోకే తీసుకోదు. మీరు ముందువైపు స్క్రూని బాగా లోపలికి తిప్పి ఉంటారు. దాంతో ట్రిగ్గర్ వదిలినా పూర్తిగా ముందుకి రావడం లేదు, స్విచ్ తెరుచుకోవడం లేదు. బోర్డు దృష్టిలో మీరు ఇంకా నొక్కే ఉన్నారు. నొక్కినా పేలకపోవడం దీనివల్లే. బ్యాటరీ నీరసించినా సోలినాయిడ్ సరిగ్గా తెరుచుకోక ఇలాగే తప్పుతుంది కాబట్టి ముందు కొత్త బ్యాటరీ వేసి చూడండి. రెండు నిమిషాల పని.

ఇక ఒకటికి మూడు పేలడం. దీన్ని బౌన్స్ అంటాం, రెండు రకాలు. మొదటిది స్విచ్‌ లోపలిది. మైక్రోస్విచ్‌లోని రెండు లోహపు రేకులు తగిలినప్పుడు ఒక్కసారే అతుక్కోవు. నేలమీద పడ్డ గోళీలా కొన్ని మిల్లీసెకన్లపాటు ఎగిరెగిరి పడతాయి. ఆ ఎగురుడుని కొత్త నొక్కులుగా లెక్కపెట్టకుండా బోర్డులో డీబౌన్స్ అనే సెట్టింగ్ ఉంటుంది. "ఒక నొక్కు తర్వాత ఇంతసేపు ఏం వినిపించినా పట్టించుకోకు" అని చెప్పడమే దాని పని. ఇదివరకటి యజమాని దాన్ని బాగా తగ్గించి ఉండొచ్చు. చాలామంది కావాలనే తగ్గిస్తారు.

రెండో రకమే అసలు దొంగ. మార్కర్ పేలగానే వెనక్కి కాస్త తంతుంది. మీ వేలు ట్రిగ్గర్ మీద మెత్తగా ఆనించి ఉందనుకోండి. మార్కర్ వెనక్కి జరిగితే ట్రిగ్గర్ వేలినుంచి విడిపోతుంది, మీ భుజానికి తగిలి ముందుకొస్తే ట్రిగ్గర్ వచ్చి వేలికి తగులుతుంది. మీరు వేలు కదపలేదు, మార్కరే వచ్చి మీ వేలితో నొక్కించుకుంది. ట్రిగ్గర్ ప్రయాణం వెంట్రుకవాసిగా ఉండి, ట్రిగ్గర్‌ని తిరిగి ముందుకి నెట్టే స్ప్రింగులో పస లేకపోతే ఇది ఆగదు. ట్రిగ్గర్ ప్రయాణం కాస్త పొడుగ్గా, స్ప్రింగు కాస్త బిగువుగా ఉంటే ఆ చిన్న కుదుపు స్విచ్ దాకా చేరదు. మీ రెఫరీ కూడా మార్కర్‌ని వదులుగా పట్టుకుని ట్రిగ్గర్‌ని నెమ్మదిగా నొక్కి చూసి ఉంటాడు. బౌన్స్‌ని బయటికి రప్పించడానికి అదే సులువైన దారి. ఆయన్ని తప్పుపట్టలేం. మోసం చేసే మార్కర్, తప్పుగా తిప్పిన మార్కర్ బయటినుంచి చూస్తే ఒకేలా ఉంటాయి.

సరిచేసే పని ఇలా చేయండి. బంతులు నింపే డబ్బా, అదే హాపర్, తీసేయండి, గదిలో బంతి లేదని గొట్టం విప్పి చూసుకోండి, గాలి ట్యాంకు విప్పేయండి, లోపల మిగిలిన గాలి కూడా పోనివ్వండి. ఇప్పుడు స్క్రూలన్నీ వెనక్కి తిప్పి ట్రిగ్గర్‌ని వదులు చేయండి. కొన్ని మోడళ్లలో నాలుగుంటాయి, కొన్నిట్లో రెండే. ఏది దేనికన్నది మాన్యువల్‌లో బొమ్మ వేసి ఉంటుంది. మార్కర్ ఆన్ చేసి చెవి దగ్గర పెట్టుకుని వేలితో నెమ్మదిగా నొక్కండి. మైక్రోస్విచ్ అయితే "టిక్" వినిపిస్తుంది. అక్కడే ఆగి, అంతకంటే నెమ్మదిగా వదలండి. ఇంకో "టిక్" వస్తుంది, మొదటి టిక్ వచ్చిన చోట కాదు, కాస్త ముందు. ఈ రెండు టిక్‌ల మధ్య దూరం స్విచ్‌కి సహజంగా ఉండే ఎడం. దాన్ని ఏ స్క్రూతోనూ తగ్గించలేరు. మీరు తగ్గించాలని చూసింది దాన్నే.

ముందువైపు స్క్రూని ఇప్పుడు కొద్దికొద్దిగా లోపలికి తిప్పుతూ వెళ్లండి. ఏదో ఒక చోట రెండో టిక్ వినిపించడం ఆగిపోతుంది. అక్కడినుంచి ఒక అర చుట్టు వెనక్కి రండి. ఆ అర చుట్టు మీకు వృథాగా అనిపిస్తుంది, కానీ దుమ్ము, చెమట, గ్లవ్స్, పరుగులో కంగారు, అన్నీ తినేది ఆ జాగానే. తర్వాత వెనకవైపు స్క్రూ. మొదటి టిక్ దాటాక ట్రిగ్గర్ ఇంకొంచెం కదిలి ఆగేలా పెట్టండి. టిక్ దగ్గరే గోడ కడితే ఎండకి వేడెక్కిన రోజునో, గట్టిగా బిగించిన రోజునో టిక్కే రాదు. చివరికి స్ప్రింగు బిగువు. అరచేత్తో హ్యాండిల్ మీద చిన్నగా తట్టండి, టిక్ వినపడకూడదు. వినపడితే ఇంకాస్త బిగించండి. సెన్సర్ రకమైతే టిక్ ఉండదు, చాలా బోర్డుల్లో నొక్కు తగిలినప్పుడు వెలిగే చిన్న లైటు ఉంటుంది, చెవికి బదులు కంటితో చూడండి.

ఇప్పుడు మాస్క్ పెట్టుకుని గాలి ట్యాంకు బిగించండి. బంతులు లేకుండా, గొట్టానికి తొడుగు వేసి, కళ్లు ఆఫ్ చేసి కాల్చి చూడండి. కళ్లు ఆన్‌లో ఉంటే గది ఖాళీగా ఉందని కొన్ని మార్కర్లు పేలనే పేలవు. అది చూసి మళ్లీ బోర్డు మీద అనుమానపడొద్దు. మార్కర్‌ని ఒక్క చేత్తో వదులుగా పట్టుకుని, మీ రెఫరీ చేసినట్టే నెమ్మదిగా నొక్కండి. రెండు పేలితే డీబౌన్స్ ఒక మెట్టు పెంచండి. మళ్లీ చూడండి. ఒక్కటే పేలేదాకా పెంచి, ఆపైన ఇంకో మెట్టు. అంతే.

ఇంకో సంగతి. ట్రిగ్గర్‌ని పక్కలకి ఊపి చూడండి. అటూ ఇటూ లొటలొటలాడుతుంటే పిన్నో బేరింగో అరిగిందన్నమాట. అలాంటప్పుడు ఎన్ని స్క్రూలు తిప్పినా టిక్ ఒకే చోట రాదు. పిన్ను దగ్గర ఎండిన పెయింట్ కూడా జిగురులా పట్టేస్తుంది. పెయింట్‌బాల్ లోపలిది నూనె రంగు కాదు, పాలీఇథిలీన్ గ్లైకాల్, నీళ్లతోనే పోతుంది. కాస్త తడిపిన గుడ్డతో తుడిచి ఆరనివ్వండి. అక్కడ నూనె పోయకండి, దుమ్ముని పిలిచి కూర్చోబెట్టినట్టే.

సరే, ఆటలో ఇదంతా ఏం తేడా తెస్తుందన్నది మీరు అడగకపోయినా చెబుతాను. తేలిక ట్రిగ్గర్ ఉంటే ముందు కొట్టగలమని అందరికీ ఒక నమ్మకం. చాలా గ్రౌండ్లలో బంతి వేగం సెకనుకు 300 అడుగులు దాటనివ్వరు. ఆ వేగంతో బయల్దేరిన బంతి గాలికి మందగిస్తూ 30 మీటర్ల దూరం చేరేసరికి దాదాపు అర సెకను పడుతుంది. అంటే 500 మిల్లీసెకన్లు. ట్రిగ్గర్‌లో మీరు మిగిల్చింది అయిదో పదో మిల్లీసెకన్లు. అవతలివాడు తల దించుకోవడానికి ఆ అర సెకను చాలు, మీ అయిదు మిల్లీసెకన్లు వాడికి తెలియనే తెలియవు.

బంతి సూటిగా వెళ్లడం కూడా ట్రిగ్గర్ పని కాదు, గొట్టంలో బంతి సరిపోవడం, వేగం ఒకేలా ఉండటం ముఖ్యం. ట్రిగ్గర్ చెడగొట్టగలిగేది ఒక్కటే: బరువుగా ఉంటే నొక్కేటప్పుడు మార్కర్ పక్కకి తిరుగుతుంది. బంకర్ (దాక్కునే అడ్డు) పక్కనుంచి తొంగిచూసి ఒక్కటి కొట్టి దాక్కునేటప్పుడు అది తెలుస్తుంది. కానీ మరీ తేలికైతే ఇంకో ముప్పు. పక్కకి వంగుతూనే వేలు బిగుసుకుని, గొట్టం ఇంకా బంకర్ వెనక ఉండగానే పేలి, మన బంకర్ మీద మన రంగే పడుతుంది. నా మొదటి ఎలక్ట్రానిక్ మార్కర్‌తో ఒక రోజంతా అదే చేశాను. అవతలి జట్టుకి నేను ఎటువైపు వంగబోతున్నానో ముందే తెలిసిపోయేది. నవ్వుకున్నారు కూడా.

రెండు వేళ్లతో మార్చి మార్చి నొక్కడం, వాకింగ్ అంటారు కదా, దాని గురించి ఒక మాట. ట్రిగ్గర్ పైన పిన్ను దగ్గర తిరిగే మీట. పైన పెట్టిన చూపుడు వేలికి దూరం తక్కువ, బరువు ఎక్కువ. కింద పెట్టిన మధ్యవేలికి బరువు తక్కువ, దూరం ఎక్కువ. కాబట్టి రెండు వేళ్లూ ఒకే ట్రిగ్గర్‌ని నొక్కినా రెండు వేర్వేరు ట్రిగ్గర్లని నొక్కినట్టే. కొడవలిలా వంగిన బ్లేడ్లు, నిటారు బ్లేడ్లు, నొక్కులున్న బ్లేడ్లు అన్నీ ఈ తేడాని సర్దడానికే పుట్టాయి. ఏది మంచిదంటే మీ చేతిని బట్టే. నాకు నిటారుదే నచ్చుతుంది, మా జట్టులో ఇంకెవరికీ నచ్చదు. వాకింగ్ తడబడితే వేగం పెంచకండి. ఒక వేలు పూర్తిగా లేచాకే రెండోది దిగేలా, లెక్కపెట్టుకుంటూ నెమ్మదిగా చేయండి.

అయినా వాకింగ్‌కి మునుపటంత విలువ లేదు. ర్యాంపింగ్ అనుమతించే పోటీల్లో మొదటి మూడు షాట్లు మీ వేలివి. ఆపైన మీరు ఒక లయలో నొక్కుతున్నంతసేపూ బోర్డే హద్దు దాకా నింపుతుంది. పెద్ద పోటీల్లో ఆ హద్దు ఒకప్పుడు సెకనుకు 15 బంతులు, తర్వాత 12.5 అయింది, ఇప్పుడు 10 చుట్టూ ఉంది. సెకనుకు 10 అంటే 200 బంతుల హాపర్ 20 సెకన్లలో ఖాళీ. మీరు ఆడే చోట ఒక నొక్కుకి ఒకే బంతి అన్న నియమం ఉంటే బోర్డుని సెమీ మోడ్‌లో పెట్టి అక్కడే లాక్ చేయండి. పాత యజమాని ఏ మోడ్‌లో వదిలాడో ఒకసారి చూసుకోండి. బౌన్స్ అనుకున్నది ర్యాంపింగ్ అయి ఉండే అవకాశం కూడా ఉంది. తేడా తెలుసుకోవడం తేలికే: నెమ్మదిగా ఒక్కసారి నొక్కినప్పుడే రెండు పేలితే బౌన్స్, గబగబా నొక్కుతున్నప్పుడు మాత్రమే ఎక్కువ పేలితే ర్యాంపింగ్.

వేగం గురించి బెంగ పెట్టుకున్నవాళ్లకి నేనెప్పుడూ చెప్పే ముచ్చట ఒకటుంది. పెయింట్‌బాల్ మొదటి ఆట 1981 జూన్ 27న అమెరికాలోని న్యూ హాంప్‌షైర్‌లో హెనికర్ అనే ఊళ్లో జరిగింది. 12 మంది ఆడారు. అందరి చేతుల్లోనూ చెట్లకీ పశువులకీ గుర్తులు వేయడానికి చేసిన నెల్‌స్పాట్ 007 పిస్తోళ్లే. ప్రతి బంతికీ చేత్తో ఎక్కుపెట్టాలి. గెలిచినాయన అడవుల్లో పనిచేసే మనిషి. జెండాలన్నీ పట్టుకొచ్చాడు, ట్రిగ్గర్ ఒక్కసారి కూడా నొక్కకుండా.

ఈ వారం పైన చెప్పినట్టు సెట్ చేసి, స్క్రూలు కదలకుండా వాటికి చుక్క థ్రెడ్ లాక్ పెట్టండి, ఎక్కువ వద్దు, మళ్లీ తిప్పాల్సి రావచ్చు. ఆటకి వెళ్లినప్పుడు మొదలుకాకముందే మీరే రెఫరీ దగ్గరికి వెళ్లి మార్కర్ చేతికిచ్చి చూడమనండి. అప్పటికీ రెండేసి పేలుతుంటే మీది మైక్రోస్విచ్చా, సెన్సరా, డీబౌన్స్ ఎంతలో ఉంది, ట్రిగ్గర్ పక్కలకి ఎంత ఊగుతోంది, ఈ మూడూ ఇక్కడ రాయండి. మైక్రోస్విచ్ అయితే ముందు దాన్నే అనుమానిస్తాను. అది అరిగిపోయే వస్తువు, బోర్డు మొత్తం మార్చకుండా దాన్నొక్కదాన్నే తీసి కొత్తది అతకొచ్చు.